తెల్లవేరు పొడి

లిరోంగ్‌కు కోడలి మీద అనుమానం ఒక డబ్బా మూత తీసినప్పుడు పుట్టింది.

చైనాలోని బోజౌ పట్టణంలో మూలికల బజారు వెనక సందులో ఆమెది చిన్న దుకాణం. బైజీ అనే తెల్లవేరు, పియోనీ పూలమొక్క వేరు, పైన్ చెట్ల వేళ్లకు పట్టే ఫూలింగ్ బూజుగడ్డ, ఈ మూడింటినీ ఎండబెట్టి, నూరి, పలచటి బట్టలో జల్లించి ముఖానికి పొడి చేస్తుంది. అత్తగారు నేర్పిన పని. పెళ్లి కుదిరిన ఆడపిల్లలు ఆ పొడిని తేనెలో కలిపి రాసుకుంటారు. ఆ పొద్దున కొత్త డబ్బా మూత తీయగానే మూలికల ఘాటు వెనక పుల్లటి వాసన తగిలింది. చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. గంధకం.

గంధకం పొగ పెడితే వేళ్లకు పురుగు పట్టదు, ఎంత పాతవైనా పాలలా తెల్లబడతాయి. బజారులో అందరికీ తెలిసిన మోసమే. ఆమె దుకాణంలోకి మాత్రం అది ఎన్నడూ రాలేదు. వేళ్లు ఇచ్చేది ఛూ షెంగ్. ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆయనే ఇస్తున్నాడు. ఆమె భర్త పోయినప్పుడు శవపేటికకు భుజమిచ్చిన మనిషి. ఆయన్ని అనుమానించడానికి మనసొప్పలేదు. కొడుకు కున్ లారీ తోలుతాడు, ఇంట్లో ఉండేదే తక్కువ. ఇక మిగిలింది కోడలు యాన్మీ.

యాన్మీ పట్నంలో క్రీముల కొట్టులో పనిచేసి వచ్చిన పిల్ల. ఫోన్‌లో లైవ్ పెట్టి, దాని ముందు కూర్చుని నవ్వుతూ పొడి అమ్ముతుంది. ఇంకాస్త తెల్లగా ఉంటే ఫోన్‌లో బాగా కనపడుతుందని ఒకసారి అన్నది. అప్పుడు నవ్వి ఊరుకున్న మాట ఇప్పుడు లిరోంగ్‌కు గుర్తొచ్చింది.

ఆ వారంలోనే పక్క సందు షువాంగ్‌ను వాళ్లమ్మ వెంటబెట్టుకొచ్చింది. పిల్లకు నెలలో పెళ్లి. బుగ్గలు రెండూ ఎర్రగా కంది, చర్మం పొట్టులా లేస్తోంది.

"నీ చేతి పొడి అనే నమ్మాం వదినా," అంది తల్లి.

లిరోంగ్ కోడలి వైపు చూసింది. యాన్మీ చూపు నేలకు దించుకుంది. లిరోంగ్‌కు ఇక వేరే రుజువు అక్కర్లేకపోయింది.

ఆనాటి నుంచి సరుకు గది తాళంచెవి నడుముకు కట్టుకుని తిరిగింది. కోడలు వంటింట్లో ఏ మూత తీసినా చెవులు రిక్కించేది. కున్ ఫోన్ చేసినప్పుడు నీ పెళ్లాం చేసే పనులు కనిపెట్టుకో అని చెప్పింది. అతను నవ్వేశాడు. యాన్మీ కూడా ముభావంగా మారింది. అత్త కలిపిన పొడిని అటు తిరిగి వాసన చూడడం లిరోంగ్ రెండుసార్లు గమనించింది. ఎంత తెల్లబడిందో చూసుకుంటోంది కాబోలు అనుకుంది.

ఒకరోజు యాన్మీ నువ్వుల రొట్టెలు తెస్తానని బయల్దేరింది. రొట్టెల కొట్టు కుడివైపు ఉంటే ఆ పిల్ల ఎడమవైపు తిరిగింది. లిరోంగ్ దుకాణం పక్కవాళ్లకు అప్పజెప్పి వెంటపడింది. బస్తాల బళ్ల మధ్య నుంచి, బేరాల కేకల మధ్య నుంచి యాన్మీ పెద్ద బజారులోకి నడిచింది. అక్కడ ఎవరి సరుకైనా పరీక్ష చేసి చెప్పే కిటికీ ఒకటుంది. నూరడానికి బయట పెట్టిన మూలికల ముక్కలు విడివిడిగా కట్టిన పొట్లాలు యాన్మీ సంచిలోంచి తీస్తుండగా లిరోంగ్ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇక్కడేం చేస్తున్నావే?"

యాన్మీ చెయ్యి విడిపించుకోలేదు. "మీరు పొడిలో ఏం కలుపుతున్నారో తెలుసుకుందామని వచ్చానత్తయ్యా."

"నేనా?"

"గదికి తాళం వేసుకున్నది మీరు. షువాంగ్ ముఖం చూడగానే మీరు నా వైపు చూశారు. తప్పు నా నెత్తిన రుద్దుతారేమోనని భయమేసింది."

లిరోంగ్ ఆమె చెయ్యి వదిలి, పొట్లాలు తనే కిటికీలోకి అందించింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా బల్ల మీద కూర్చున్నారు. కాసేపటికి కిటికీలోని అమ్మాయి పిలిచి, పియోనీ వేరు, ఫూలింగ్ బాగానే ఉన్నాయని, గంధకమంతా బైజీలోనే ఉందని చెప్పింది.

దుకాణం దగ్గరున్న యాన్మీ బ్యాటరీ స్కూటర్ తీసుకుని ఇద్దరూ ఛూ షెంగ్ ఊరికి వెళ్లారు. దారి పొడవునా పియోనీ చేలు విరగబూసి ఉన్నాయి. ఛూ వాకిట్లో కూర్చుని నూడుల్స్ తింటున్నాడు. రండి, మీకూ చెరొక గిన్నె పెట్టిస్తానన్నాడు. లిరోంగ్ కూర్చోలేదు. పొట్లంలో మిగిలిన బైజీ వేరుముక్క ఆయన ముందు పెట్టింది.

ఆయన మొదట వానలన్నాడు, బూజన్నాడు. తర్వాత గిన్నె కింద పెట్టాడు.

"నిరుడు పసుపుపచ్చగా ఉన్నాయని బస్తాలు వెనక్కి పంపావు చెల్లెమ్మా. అంతకు ముందేడూ అంతే. ఎండకు ఆరిన వేరు పచ్చగాక ఎలా ఉంటుంది? నీకు తెల్లవి కావాలి. తెల్లగా చేసి ఇచ్చాను. ఈసారి పొగ కాస్త ఎక్కువైంది."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా పెద్దన్నా."

"కాపురానికి వచ్చినప్పటి నుంచీ వేళ్లు నూరినదానివి. నీకు తెలియదని ఎలా అనుకుంటాను? తెలిసే ఊరుకున్నావనుకున్నా."

లిరోంగ్ వేరుముక్క తీసుకుని లేచింది. బస్తాలు వెనక్కి పంపినప్పుడు ఆయన ముఖం ఎలా ఉందో గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తు రాలేదు. ఆ రోజు ఆమె వేళ్లనే చూసింది, ఆయన్ని చూడలేదు.

తిరిగి వస్తూ స్కూటర్ వెనక కూర్చుని, "నిన్ను అనవసరంగా అనుమానించాను," అంది. గాలికి వినపడిందో లేదోనని మళ్లీ అంది. మొదటిసారే వినపడిందని, తానూ అంతేనని యాన్మీ జవాబిచ్చింది.

ఆ సాయంత్రం ఇద్దరూ షువాంగ్ ఇంటికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పారు. తల్లి విని తలుపు వేసుకుంది. ఉన్న పొడినంతా లిరోంగ్ పారబోసింది. ఎండలో ఆరిన వేళ్లతో చేసిన కొత్త పొడి ఎండుగడ్డి రంగులో ఉంది. ఫోన్ ముందు యాన్మీని ఇదేం రంగని జనం వెక్కిరిస్తే, ఇదే దీని రంగని చెప్పింది. కొన్నవాళ్లు కొద్దిమందే.

షువాంగ్ ముఖం పెళ్లినాటికి నెమ్మదించింది. సందులో అందరికీ పెళ్లి మిఠాయి పంచారు గాని వీళ్ల గుమ్మం ఎక్కలేదు. మర్నాడు షువాంగే వచ్చి చిన్న మిఠాయి పొట్లం ఒకటి యాన్మీ చేతిలో పెట్టి, లిరోంగ్‌తో మాట్లాడకుండా వెళ్లిపోయింది. యాన్మీ పొట్లం విప్పి అత్త ముందుకు జరిపింది. లిరోంగ్ ఒకటి తీసుకుని నోట్లో వేసుకుంది.