జూలై పన్నెండున వెంకటవ్వ సంతకం

నా భార్య వెంకటవ్వ ఏప్రిల్ పంతొమ్మిదిన చనిపోయింది. జూలై పన్నెండున బడి రిజిస్టరులో సంతకం పెట్టింది.

ఆ పేజీ ఫోటో ఆగస్టు చివర్లో మా బస్తీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. కరోనాకు మూసిన బడులు మళ్లీ తెరుస్తారని అందరూ చూస్తున్న రోజులు. ఈ గుజరాతీ ఊళ్లో నేతపనికి వచ్చిన మా పిల్లల కోసం ఉన్న తెలుగు బడి ఎనిమిదో తరగతి వరకు ఉంది. నా బిడ్డ హారతి ఎనిమిదిలోకి పోవాలి. రాత గుజరాతీలో ఉంది. నేను మా ఊళ్లో అయిదు వరకు తెలుగే చదివాను. హారతి కూడబలుక్కుని చదివి చెప్పింది.

"ఎనిమిది బంద్ జేస్తరట బాపు. మమ్మల్ని గుజరాతీ బడికి పంపుతరట. తల్లిదండ్రులే అడిగిన్రని రాసిన్రు."

"ఎవలడిగిన్రు?"

"కమిటీ." వేలు కిందికి జరిపి ఆపింది. "అమ్మ సంతకమున్నది."

బిడ్డ సరిగ్గా చదివిందో లేదోనని కిరాణా కొట్టతని చేత మళ్లీ చదివించాను. అదే చెప్పాడు.

ప్రతి బడికీ తల్లిదండ్రుల కమిటీ ఉండాలని చట్టం. సగం మంది ఆడవాళ్లు కావాలి. వెంకటవ్వను అట్లా రాసుకున్నారు. కరోనాకు ముందటేడు మా గల్లీలో ఇద్దరు ఆడపిల్లలు గుజరాతీ బడికి మారారు. మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. దీపావళి లోపలే మానేశారు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటిస్తున్నారు. హారతిని అక్కడ కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు.

మర్నాడు బడికి పోయాను. హెడ్మాస్టరు బ్రహ్మచారి మా జిల్లావాడే. నన్ను చూడగానే చాయ్ తెప్పించాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూర్చోమన్నవాడు కాదు. నేను గ్లాసు ముట్టలేదు.

"చచ్చినామె సంతకం ఎట్ల పెట్టింది సారు?"

"అది ఆమెదే సోమలింగం. నేను రాయలే. నువ్వే చూడు."

రిజిస్టరు తీశాడు. అది దొంగ సంతకమేనని తేల్చుకుని పోయాను. కానీ వెంకటవ్వదే. మొదటి లాక్‌డౌన్‌లో హారతి దగ్గర నేర్చుకుంది. అంతకు ముందు వేలిముద్రే. ఆమె రాస్తే పేరు మెట్లెక్కినట్టు పైకి పోతుంది. కాగితం చిరిగేంత అదిమి రాస్తుంది. పేజీ తిప్పి వెనక తడిమాను. అక్షరాలు వేలికి తగిలాయి.

"తారీఖు?"

"తారీఖు పొరపాటు పడ్డది." రిజిస్టరు గబుక్కున మూశాడు.

అక్కడి నుంచి కొమురవ్వ ఇంటికి పోయాను. ఆమె కూడా కమిటీలో ఉంది. నన్ను చూసి తలుపు సగమే తీసింది.

"నన్ను దీంట్లకు గుంజకు తమ్మీ."

"జూలైల వెంకటవ్వ వచ్చి సంతకం పెట్టిందట. నీ పక్కకే కూసున్నదా అక్కా?"

"చచ్చిన మనిషి మీద పరాచకాలేంది?" అని తలుపు పూర్తిగా తీసింది. "ఫిబ్రవరిల పెట్టినం. బియ్యం సంచులు పంచిననాడు. బడి మల్ల బంద్ వడితే మీటింగులు కావు, పేజీ అడుగున పెట్టిపోన్రి అన్నడు సారు. పైన తెల్లగనే ఉండె."

"తెల్ల కాయితం మీద ఎట్ల పెట్టిన్రు? బుద్ధి లేదా?"

"నన్నంటున్నవా? వెంకటవ్వ పెట్టనన్నది. నీకు ఫోన్ జేసింది. యాది లేదా?"

యాదికి ఉంది. నేను సాంచెల దగ్గర డ్యూటీలో ఉన్నాను. ఆ మరమగ్గాల చప్పుడులో కూడా ఆమె మాట వినబడింది. పైన ఏం రాయలేదు, పెట్టాలా అని అడిగింది. "అందరు పెడుతుంటే నీకేం రోగం, పెట్టి రా" అన్నాను.

తాకా అంటే మా దగ్గర వంద మీటర్ల బట్ట. నేసిన తర్వాత చివర మా నంబరు వేసి సుద్దతో అడ్డంగా గీస్తాం. నేయని తాకా మీద ఏ నేతగాడూ నంబరు వేయడు. వేరేవాడి తప్పు తన మెడకు చుట్టుకుంటుందని తెలుసు. ఇరవై రెండేళ్లుగా నాకు తెలుసు.

హారతితో అర్జీ రాయించాను. మరణ పత్రం జతచేసి పై ఆఫీసులో ఇచ్చాను. శనివారం ఆఫీసరు వస్తాడని కబురొచ్చింది. శుక్రవారం పొద్దున బ్రహ్మచారి మా గుమ్మంలో ఉన్నాడు.

"ఎనిమిదిల పదకొండు మందే ఉన్నరు పిల్లలు. పై ఆఫీసోళ్లు మూడు రోజులల్ల తీర్మానం పంపుమన్నరు. నేనేం జేయాలె?"

"మమ్ముల పిలిచి అడగాలె."

"అడిగితే ఒప్పుకుంటుంటివా?"

"లేదు."

"అందుకే అడగలే." గొంతు తగ్గించాడు. "హారతికి అమ్రోలి దిక్కు తెలుగు బడిల సీటు ఇప్పిస్త. ఆటో నేనే మాట్లాడుత."

"తక్కిన పది మందికో?"

"వాళ్లు అర్జీ పెట్టలే కద."

చెప్పులు తొడుక్కుంటూ అసలు మాట అన్నాడు. "సంతకం ఆమెది కాదని మాత్రం అనకు. రెండేండ్ల సర్వీసున్నది. పోతది."

ఆ ఒక్క మాట అంటే చాలని వాడి నోటితోనే తెలిసింది. సంతకం దొంగదంటే తీర్మానం ఆ క్షణమే పడిపోతుంది. ఆమెదే అంటే తారీఖు పొరపాటని దిద్దుకుని ముందుకు పోవచ్చు.

శనివారం కమిటీ అంతా మాస్కులు కట్టుకుని గోడ వారగా కూర్చుంది. కొమురవ్వ నా వైపు చూడలేదు. తెల్ల కాగితం మీద పెట్టినందుకు తమ మీదే కేసు వస్తుందని ఎవరో వాళ్లను భయపెట్టారు. ఎవరో నాకు తెలుసు.

ఆఫీసరు మరణ పత్రం, రిజిస్టరు పక్కపక్కన పెట్టుకున్నాడు. ఈ సంతకం మీ భార్యదేనా అని హిందీలో అడిగాడు.

బ్రహ్మచారి నా నోటి వైపు చూస్తున్నాడు. హారతి వాకిట్లో నిలబడి ఉంది. కాదంటే ఆ పిల్ల బడి దక్కుతుంది. కానీ ఆ పిల్లే తల్లి చెయ్యి పట్టి ఆ పేరు దిద్దించింది. వెంకటవ్వ బతుకులో రాసింది ఆ పేరొక్కటే. దాన్ని దొంగరాత అనడానికి నాకు నోరు రాలేదు. బ్రహ్మచారిని కాపాడాలని మాత్రం కాదు.

"ఆమెదే" అన్నాను. "ఫిబ్రవరిల పెట్టింది. అప్పుడు పైన ఏం రాసి లేదు. అయినా పెట్టుమన్నది నేను."

హిందీలో చెప్పి మళ్లీ తెలుగులో చెప్పాను, గోడ వారగా ఉన్నవాళ్లకు వినబడాలని. తర్వాత కొమురవ్వ మాస్కు కిందికి లాగింది.

"నాది గూడ తెల్ల కాయితమే సాబ్. కేసు పెడితే పెట్టుకోన్రి."

ఆమె పక్కనున్న పోశమ్మ, "నాది గూడ" అంది. తర్వాత ఒక్కొక్కరూ చెప్పారు. ఆఫీసరు తీర్మానం మీద అడ్డంగా రెండు గీతలు గీశాడు. బ్రహ్మచారికి నోటీసు వస్తుందన్నాడు. ఎనిమిది ఈ ఏడు ఉంచుతామన్నాడు. వచ్చే ఏడు సంగతి చెప్పలేదు. అడిగినా చెప్పలేదు.

ఎనిమిది ఉంచాలని కొత్త తీర్మానం తెలుగులో కూడా రాయించాం. వెంకటవ్వ జాగాలో నన్ను రాసుకున్నారు. నేను రెండుసార్లు చదివి సంతకం పెట్టాను. రాతకూ సంతకానికీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. తాకా చివర గీసినట్టు దాని మీద అడ్డంగా గీశాను. కొమురవ్వ పెన్ను తీసుకుని తన పేరు పైన కూడా గీసుకుంది.

"ఇగ అయిపోయింది కద సోమలింగం" అన్నాడు బ్రహ్మచారి. "మనసుల పెట్టుకోకు."

"పెట్టుకుంట" అన్నాను.

రిజిస్టరు ఇచ్చే ముందు తర్వాతి పేజీ తిప్పాను. ఖాళీగా ఉంది. అడుగున సంతకాలున్నాయేమోనని చూశాను. దాని వెనక పేజీ కూడా తిప్పాను.