మిక్సీ మీద పడ్డ నేరం

కొబ్బరి ముక్కలు సగమే నలిగాయి. పచ్చిమిరప గింజలు పొత్రం కింద నుంచి జారి రాతి అంచుకు పోతుంటే వేలితో మళ్ళీ మధ్యకు తోస్తున్నాను. గట్టు మీద మిక్సీ ఉంది. దాని మీద అత్త పాత తువ్వాలు కప్పింది. ఆయన కంప్యూటర్ ముందున్న రోజు మిక్సీ వేయకూడదని ఈ ఇంట్లో నియమం. ఆయన ఆదివారం కూడా కంప్యూటర్ ముందే ఉంటాడు కాబట్టి ఆ నియమం బరువంతా నా భుజాల మీదే.

నా భర్త శరవణన్ కట్టబోయే ఇళ్ళకు త్రీడీ బొమ్మలు చేస్తాడు. ముత్యాలపేటలో మా ముందు గదే ఆయన ఆఫీసు. వాళ్ళ కంపెనీలో అందరివీ లినక్సు మిషన్లే. ఎండలు ముదిరే రోజుల్లో ఆయన మిషన్ పడిపోవడం మొదలైంది. తెర బిగుసుకుపోతుంది, నల్లబడుతుంది, కాసేపటికి మళ్ళీ లాగిన్ అడుగుతుంది. సేవ్ చేయని పనంతా పోతుంది. మొదటి మూడుసార్లూ ఆయన ఇడ్లీ తిని వచ్చి కూర్చోగానే పడిపోయింది. మూడుసార్లూ అంతకు కాసేపటి ముందే నేను చట్నీకి మిక్సీ వేశాను. అత్త అమృతవల్లి ఆ రెంటినీ ముడిపెట్టింది.

"నువ్వు మిక్సీ ఏస్తావు, కరెంటు ఊగతాది, వాడి మిషన్ పడతాది. ఇందులో తెలీనిది ఏందుంది? మా కాలంలో అమ్మి మీదనే నూరినాం. చేతులేం అరిగిపోలా."

మేం సన్నికల్లు అనేదాన్ని వాళ్ళు అమ్మి అంటారు. నాలుగు తరాలుగా ఈ అరవదేశంలో ఉన్న తెలుగువాళ్ళు. మాటలో సగం అరవం, తెలుగు అక్షరాలు ఎవరికీ రావు. నేను యానాం దగ్గర పల్లె బడిలో చదివాను. తర్వాత కంప్యూటర్ డిప్లొమా చేసి, యానాంలో ఒక ల్యాబులో రెండేళ్ళు ఇరవై లినక్సు మిషన్ల బాగోగులు చూశాను. పెళ్ళి మాటల్లో ఆ సంగతి చెప్పినప్పుడు అందరూ సంతోషించారు. పెళ్ళయ్యాక ఎవరికీ గుర్తులేదు.

ఆ వారమే పిళ్ళైచావడి దాటాక ఉన్న ఒక కాలేజీ నుంచి మెయిల్ వచ్చింది. ల్యాబ్ అసిస్టెంటు ఉద్యోగం నాకే. వచ్చే నెల మొదటి సోమవారం పదింటికి చేరాలి. ఆయనకు చూపించాను. చదివి నవ్వాడు.

"నా మిషన్ రోజుకు రెండు మాట్లు పడతా ఉంటే, నువ్వు ఊరోళ్ళ మిషన్లు చూసేదానికి పోతావా? ముందు ఇది నిలబడనీ. అప్పుడు పో."

ఆయన ఎగతాళికే అన్నాడు. నేను మాత్రం దాన్ని మాట ఇచ్చినట్టుగానే తీసుకున్నాను.

క్యాలెండర్‌లో చించేసిన కాగితాల వెనక రాయడం మొదలుపెట్టాను. ఎన్ని గంటలకు పడింది, అంతకుముందు ఆయన ఏం చేస్తున్నాడు, నేను ఏం చేస్తున్నాను. అన్నీ తెలుగులోనే. ఆయన ఒకసారి చూసి, "ఏందివి, జిలేబీలు చుట్టినావా?" అన్నాడు. నేను రాస్తూ పోయాను. పౌర్ణమినాడు అత్తకు ఉపవాసం, ఇంట్లో టిఫినే లేదు, మిక్సీ ఊసే లేదు. ఆయన స్నానం చేసి వచ్చి మౌస్ కదిపాడు, మిషన్ పడిపోయింది. ఇంకోరోజు అత్త గుడికి వెళ్ళినప్పుడు నేను మరిచిపోయి మిక్సీ వేశాను. ఆయన కుర్చీలోంచి కదలకుండా పనిచేసుకుంటున్నాడు, మిషన్‌కు ఏమీ కాలేదు. పద్నాలుగు కాగితాలు నిండేసరికి నాకు అర్థమైంది. ఆయన లేస్తే మిషన్ పడుతోంది. లేవగానే కాదు, తిరిగొచ్చి కూర్చున్నప్పుడు. మనిషి లేడని తెర ఆరిపోతుంది, తెర మీద బొమ్మ వేసే గ్రాఫిక్స్ కార్డు కూడా నిద్రలోకి వెళ్తుంది. మళ్ళీ లేపితే లేవదు. పడిపోయే ముందు మిషన్ తనకు తాను రాసుకున్న చిట్టా తీసి చూశాను. ప్రతిసారీ చివర అవే నాలుగు వరుసలు: కార్డును పిలిచాను, పలకలేదని. మిక్సీ చేసిన నేరం ఒక్కటే, అది టిఫిను ముందు తిరుగుతుంది. టిఫినుకు ఆయన లేస్తాడు.

బూట్ అయ్యేటప్పుడు మిషన్ చదివే ఫైలు ఒకటుంది. కార్డును నిద్రపుచ్చవద్దని అందులో ఒక్క మాట చేర్చాలి. ఆయన పక్కన నిలబడి కాగితాలు చదివి వినిపించాను, చిట్టా చూపించాను. "సరే సరే, ఏందో తొందరగా చెయ్యి, పదకొండుకు కాల్ ఉంది" అన్నాడు. ఆ మాట నేను చేర్చాను. పాస్‌వర్డ్ అడిగింది. అది నాకు చెప్పకుండా, కీబోర్డు తనవైపు లాక్కుని ఆయనే కొట్టాడు. అందుకే ఆయనకు తెలియదని నేను అనుకోలేను.

ఆ రోజు నుంచి మిషన్ ఒక్కసారి కూడా పడలేదు. మిక్సీ మీద తువ్వాలు మాత్రం ఎవరూ తీయలేదు. ఆయనే చెబుతాడని చూశాను. ఒక వారం గడిచింది, తర్వాత ఇంకో వారం. ఈ ఆదివారం, అంటే నేను ఉద్యోగంలో చేరడానికి ముందురోజు, నేను ఇలా నూరుతుండగా అత్త ఏంబలంలో ఉన్న కూతురికి ఫోన్ చేసింది.

"చూసినావా అనూ, మిక్సీ ఆపినప్పట్నుంచీ ఒక్క మాటు పడలా. నేను చెప్తే ఈ చదువుకున్నోళ్ళు నమ్మలా. నువ్వొచ్చి ఎత్తకపో, ఈడ ఊరికే ఉండాది." ఫోన్ పెట్టేసి నావైపు తిరిగింది. "పనికి పోతానంటివే, నువ్వు పొద్దున్నే పోతే నూరేదెవరు? మళ్ళా మిక్సీ ఏస్తే వాడి పనేం గావాల?"

ఆయన ముందు గదిలోనే ఉన్నాడు. హెడ్‌ఫోన్ మెడలో ఉంది, చెవుల్లో లేదు. చేతులు కడుక్కుని గుమ్మం దగ్గరకు వెళ్ళాను.

"ఏమండీ, ఆ రోజు పాస్‌వర్డ్ మీరే కొట్టారు కదా. అత్తయ్యకు చెప్పండి."

"ఇప్పుడెందుకు దాన్ని కెలకతావు ఆమనీ? నడస్తా ఉంది గదా."

"మిషన్ నిలబడితే ఉద్యోగానికి పొమ్మన్నారు."

"అన్నాలే. అమ్మ చెప్పేది కూడా చూడాల గదా." కళ్ళు తెర మీదనే ఉన్నాయి. తెర మీద ఎవరిదో కట్టబోయే వంటగది. గట్టు మీద మిక్సీ బొమ్మ కూడా పెట్టాడు.

అత్త మీద నాకు కోపం రాలేదు. ఆమె కూడా నాలాగే చూసింది, మూడుసార్లు చూసి ఆపేసింది. నలభై ఏళ్ళు నూరిన చేయి అది, ఇంకో చేయి నూరకుండా తప్పించుకుంటే ఓర్చుకోలేదు. ఆయన సంగతి వేరు. నిజం చెబితే తువ్వాలు తీయాలి. తువ్వాలు తీస్తే పొద్దుటిపూట నేను ఖాళీ, ఇక ఉద్యోగానికి వద్దనడానికి సాకు ఉండదు. ఆయనకు అది తెలుసు. అబద్ధం చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు, వాళ్ళమ్మ చెబుతుంటే వింటూ కూర్చుంటే సరిపోయింది.

నేను చేర్చిన మాట తీసేస్తేనో అనుకున్నాను. పాస్‌వర్డ్ కొట్టినప్పుడు ఆయన వేళ్ళు చూశాను, రెండు నిమిషాల పని. కానీ రేపు నేను గడప దాటాక మిషన్ పడితే, నేను వెళ్ళినందుకే పడిందంటారు. లోపం ఎక్కడుందో తేలాలంటే ఒకసారికి ఒక్కటే తీసి చూడాలి. ఈసారి మిషన్‌ను ఉన్నది ఉన్నట్టే వదిలి, ఈ ఇంట్లోంచి నన్ను తీసి చూస్తాను.

సోమవారం ఎనిమిదిన్నరకు ఇడ్లీలు దించి గిన్నె మూతపెట్టాను. కొబ్బరి చెక్కలు రాయి పక్కన అలాగే ఉన్నాయి. సర్టిఫికెట్ల కవరు తీసుకుని చెప్పులు వేసుకుంటుంటే, "యాడికే?" అంది అత్త. కుర్చీ చప్పుడైంది, ఆయన ఇటు తిరిగినట్టున్నాడు. నేను గొళ్ళెం తీసి వీధిలోకి దిగి, తలుపు దగ్గరగా వేశాను.