ఇంకో అర అంగుళం

పెళ్ళయ్యాక బ్రేకు మాస్టారికి రెండు రకాలుగా ఊపిరాడటం మానేసింది. ఒకటి, భార్య నవ్వినప్పుడు. రెండోది, ఏ కారణమూ లేకుండా. మొదటిదంటే ప్రాణం లేచొచ్చేది, రెండోదంటే ఉన్న ప్రాణం పోయేది. చిక్కల్లా ఏమిటంటే, మొదలవడం మాత్రం రెండూ ఒకేలా మొదలవుతాయి. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమరుస్తాయి, మోకాళ్ళు మాకేం సంబంధం లేదన్నట్టు సడలిపోతాయి. ఇది ప్రేమా, పోయే కాలమా అని తేల్చుకునేలోపు కంచంలో అన్నం చల్లారిపోయేది.

అతను కారు నడపడం నేర్పే స్కూల్లో పనిచేసేవాడు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుంటాడు. అటుపక్క కూడా ఒక బ్రేకుంటుంది, అతని కుడికాలు ఎప్పుడూ దానిమీదే. అందుకే ఆ పేరు. ఇంట్లో పాలు పొంగుతున్నా పొయ్యి దాకా వెళ్ళకుండా, కూర్చున్నచోటే నేలని గట్టిగా తొక్కేవాడు. ఎదురుగా లారీ దూసుకొస్తున్నా పక్కవాళ్ళకి, "చేతులు వదులుగా పెట్టండి, ఏం కాదు" అని జోలపాడినంత మెల్లగా చెప్పేవాడు. లారీలకి బెదరని ఆ గుండె, పెళ్ళికి కొన్నాళ్ళ ముందు అక్కావాళ్ళింట్లో తీరిగ్గా గోళ్ళు కత్తిరించుకుంటుంటే గుభేల్మంది.

ఛాతీ పట్టేసింది. చేతులు తిమ్మిరెక్కాయి. ఇక అయిపోయిందనుకున్నాడు. బావ ఆస్పత్రికి తీసుకెళ్తే ఈసీజీ తీశారు, స్కానింగు చేశారు, మిషను మీద పరిగెత్తించారు. డాక్టరమ్మ అన్నీ చూసి, గుండె భేషుగ్గా ఉందనీ, వచ్చింది గుండెపోటు కాదు, ఒక్కసారిగా ముంచుకొచ్చే కంగారనీ చెప్పింది. పానిక్ ఎటాక్ అంటారట. మళ్ళీ వస్తే దాంతో పోట్లాడొద్దంది, ఊపిరి నిదానంగా బయటికి వదలమంది, అదే వచ్చి అదే పోతుందంది. మాటిమాటికీ నాడి మాత్రం చూసుకోవద్దంది, చూసుకున్నకొద్దీ భయం పెరుగుతుందట. మాస్టారు అన్నిటికీ తలూపాడు. తలూపుతూనే మెడమీద రెండు వేళ్ళు పెట్టి నాడి చూసుకున్నాడు.

అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. గుండె బాగుందన్న మాట అక్క చెవికెక్కలేదు. ఇంటినే ఆస్పత్రి చేసేసింది. కూరల్లో ఉప్పు పోయింది, టీవీకి గొంతు పోయింది, పాపం బావకి తుమ్మొస్తే పెరట్లోకి పరిగెత్తాల్సొచ్చింది. అందరూ తనని పగుళ్ళిచ్చిన గాజుగ్లాసులా పట్టుకుని చూస్తుంటే, నిజంగానే పగిలిపోతానేమోనని మాస్టారికి భయం రెట్టింపయింది. అందుకే పెళ్ళయ్యాక ఈ సంగతి భార్యకి చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. చెబితే ఆ నవ్వు ఆగిపోతుంది. ఆ నవ్వు లేని ఇంట్లో గుండె ఎంత బాగా కొట్టుకుంటే మాత్రం ఎవరిక్కావాలి?

ఆమె చొక్కాలు కుట్టే దుకాణంలో కొలతలు తీసి గుడ్డ కత్తిరిస్తుంది. అక్కడందరికీ కత్తెర పిల్ల. మెళ్ళోంచి కొలత టేపు తియ్యనే తియ్యదు. పెళ్ళి ఫొటోల్లో ఒకదాంట్లో కూడా దండల మధ్యనుంచి అది తొంగిచూస్తూ ఉంటుంది. కొత్త కాపురంలో ఇద్దరికీ ప్రతిదీ సంబరమే. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్షులు ఒకదానిమీదొకటి ఒరిగాయని ఒకళ్ళనొకళ్ళు పిలిచి చూపించుకునేవాళ్ళు. ఇంటికి రెండో తాళంచెవి చేయించిన రోజున, నువ్వు తియ్యంటే నువ్వు తియ్యమని గుమ్మం బయటే నిలబడి వంతులు వేసుకున్నారు. లోపలికెళ్ళాలన్న సంగతి పక్కింటావిడ గుర్తు చేయాల్సొచ్చింది.

ఇంత సంబరంలోనూ మాస్టారి వేళ్ళు కాలర్ కిందికి వెళ్తూనే ఉండేవి. అది కత్తెర పిల్ల కంటబడనే పడింది. ఏ వృత్తివాళ్ళ కళ్ళు ఆ వృత్తివాళ్ళవి. మొగుడు మాటిమాటికీ మెడ దగ్గర తడుముకుంటున్నాడంటే ఆమెకి తట్టింది ఒక్కటే, కాలర్ బిగుతుగా ఉందని. అడిగితే మొహమాటపడతాడని అడగలేదు. మర్నాటికి గుండీ జరిగింది. వేళ్ళు మళ్ళీ వెళ్ళాయి. కాలర్ విప్పి కొత్తది వేసింది. మళ్ళీ వెళ్ళాయి. "ఇంకో అర అంగుళం వదులు చేశాను, ఇప్పుడు హాయిగా ఉందా?" అని ఆశగా అడిగితే, నిజం చెప్పలేక మాస్టారు బ్రహ్మాండంగా ఉందనేవాడు. అన్న కాసేపటికే వేళ్ళు మళ్ళీ మెడమీదికి చేరేవి. చివరికి కారు నేర్చుకోవడానికొచ్చే రిటైరైన హెడ్మిస్ట్రెస్, రివర్సు చేస్తూ అతన్ని ఎగాదిగా చూసి, "అబ్బాయీ, ఆ కాలర్లో మీ ఆవిడక్కూడా చోటుంచావా ఏమిటి?" అంది.

ఒక సెలవునాడు మధ్యాహ్నం అతను ఒట్టి బనీనుతో కూర్చుని పేపరు చదువుతున్నాడు. గుండె ఒక్కసారి గెంతినట్టయింది. వేళ్ళు వాటంతటవే మెడ మీదికి వెళ్ళాయి. ఎదురుగా గుండీలు కుడుతున్న కత్తెర పిల్ల తలెత్తి చూసింది. మెడ చుట్టూ కాలర్ లేదు, అసలు చొక్కానే లేదు. ఆమె సూది ఆగింది. ఆ సాయంత్రం ఆమె నవ్వలేదు. వంటింట్లో మూత జారి గిరగిరా తిరిగి తిరిగి పడితే కూడా నవ్వలేదు. అలాంటివాటికి మామూలుగా ఆమెని ఆపడం ఎవరి తరమూ కాదు. సంగతి తెలిసిపోయింది, ఇక రేపట్నుంచి ఉప్పు ఉండదు అనుకున్నాడు మాస్టారు.

ఉప్పు ఉంది. నవ్వే లేదు. ఆ ఆదివారం ఆమెకి మొదటిసారి కారు నేర్పుతానని ఎప్పుడో మాటిచ్చాడు. పొద్దున్నే మార్కెట్ వెనక ఖాళీ స్థలానికి వెళ్ళారు. ఆమె స్టీరింగు పట్టుకుని నత్తనడకన రెండు చుట్లు తిప్పింది. మూడో చుట్టులో, చూపు ముందునుంచి తిప్పకుండా, "మాస్టారూ, ఒకటడుగుతాను. బ్రేకు వెయ్యకూడదు" అంది.

వెయ్యనన్నాడు.

"నేను మీకు బిగుతుగా ఉన్నానా?"

బ్రేకు పడింది. కారు ఆగింది. మాస్టారి గుండె మాత్రం ఆగకుండా గేరు మార్చింది. ఈసారి ఏ రకమో తేల్చుకోవాల్సిన పనే లేకపోయింది. ఛాతీ పట్టేసింది, చేతులు తిమ్మిరెక్కాయి, కళ్ళముందు మార్కెట్ గోడ దూరంగా జరిగిపోయింది. వేళ్ళు మెడమీదికి వెళ్ళాయి. ఆమె వాటినే చూస్తోంది. ఆ బనీను రోజు నుంచీ ఈ పిల్ల రాత్రీపగలూ ఏమనుకుంటూ గడిపిందో, అప్పుడు తెలిసింది అతనికి. తన భయం కన్నా అది పెద్ద భయంలా కనబడింది.

"నువ్వు కాదు, కాలర్ కూడా కాదు" అన్నాడు ముక్కలు ముక్కలుగా. "గుండె. కొట్టుకుంటోందా లేదా అని చూసుకుంటూ ఉంటాను."

ఆమె స్టీరింగు వదిలేసి పూర్తిగా అతనివైపు తిరిగింది. "కొట్టుకోకపోతే చూసుకోడానికి మీరుంటారా?" అంది.

ఊపిరి అందక గోళ్ళ దగ్గర్నుంచి బావ తుమ్ముల దాకా అడ్డదిడ్డంగా చెప్పేశాడు. డాక్టరమ్మ ఏమందో కూడా చెప్పాడు. ఊపిరి వదలమంది, కానీ వచ్చినప్పుడు వదలడమే చేతకాదన్నాడు. కత్తెర పిల్ల మెళ్ళోంచి టేపు లాగి, అతని ఛాతీ చుట్టూ వేసి, కొసలు రెండూ వేళ్ళతో పట్టుకుంది.

"దుకాణంలో టేపు చుట్టగానే ప్రతివాళ్ళూ ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. ఆ కొలతతో కుడితే చొక్కా ఎందుకూ పనికిరాదు. అందుకని నేను ఊరికే పట్టుకుని నిలబడతాను. ఎంతసేపని బిగబడతారు, వాళ్ళే వదిలేస్తారు. మీరూ వదలండి. నాకేం తొందర లేదు."

అతను వదిలాడు. కొంచెమే వచ్చింది. టేపు ఆమె వేళ్ళలో కాస్త వదులైంది. "ఇంకో అర అంగుళం" అంది. వదిలాడు. పీల్చినప్పుడు టేపు జారనిచ్చి, వదిలినప్పుడు మళ్ళీ దగ్గరికి లాగి, "ఇంకో అర అంగుళం ఉంది లోపల, దాచుకోకండి" అంది. అలా అడిగిందే అడుగుతూ కూర్చుంది. ఎంతసేపయిందో గాని, తిమ్మిరి వేళ్ళ చివర్లకి దిగింది, మార్కెట్ గోడ మెల్లగా వెనక్కొచ్చి తన చోట తను నిలబడింది. డాక్టరమ్మ చెప్పినట్టే అదే వచ్చింది, అదే పోయింది.

మాస్టారు భయంభయంగా ఆమె మొహం చూశాడు. ఇల్లు ఆస్పత్రి అవుతుందా కాదా అన్నది అక్కడే తెలియాలి. ఆమె పెదాలు వణికాయి. బుగ్గలు ఉబ్బాయి. స్టీరింగు మీద తల పెట్టుకుని పకపకా నవ్వడం మొదలెట్టింది. హారన్ కూడా మోగింది.

"మీ చొక్కాలన్నీ పాడుచేశాను" అంది నవ్వుల మధ్య. "బావులు తవ్వినట్టు తవ్వాను. మళ్ళీ పూడ్చాలి."

డాక్టరమ్మ దగ్గరికి ఈసారి ఇద్దరం వెళ్దామంది. వదినగారికి మాత్రం చెప్పొద్దంది, ఉప్పు లేని కూర తన వల్ల కాదట. ఆ బనీను రోజు నుంచీ, తన మెడలో టేపు చూసి విసిగి పారిపోదామనుకుంటున్నారనే అనుకున్నానని కూడా ఒప్పుకుంది. మాస్టారేమో, పారిపోవాలంటే ముందు మోకాళ్ళుండాలి కదా, నువ్వు నవ్వితే అవే ఉండవన్నాడు.

కారు మళ్ళీ కదిలింది. మలుపు దగ్గర గుండె ఎందుకో చిన్నగా గెంతింది. అతని వేళ్ళు ఆ వదులు కాలర్ వైపు బయల్దేరాయి.

"చేతులు వదులుగా పెట్టండి, ఏం కాదు" అంది కత్తెర పిల్ల, అచ్చం అతని గొంతుతో, జోలపాడినంత మెల్లగా.

చెయ్యి సగం దారిలో ఆగి, వెళ్ళి ఆమె మెళ్ళోని టేపు కొస పట్టుకుంది. ఇద్దరూ నవ్వుతుంటే అతనికి మళ్ళీ ఊపిరాడలేదు. అది ఏ రకమో చూసుకోడానికి మాత్రం తీరిక లేకపోయింది, ఎందుకంటే ఆవిడ కారుని తిన్నగా గోడవైపు పోనిస్తోంది.