ఆదెమ్మ దండం పెట్టిన ఫోటో

హిందూపురంలోని భాస్కరయ్య స్టూడియోకు నీలావతి తన తల్లి ఆదెమ్మను వెంటబెట్టుకొచ్చింది. ధర్మవరంలో తన అత్తగారింటి గోడకు అమ్మ ఫోటో తగిలించుకోవాలని ఎన్నాళ్ల నుంచో ఆమె కోరిక.

భాస్కరయ్య నల్లగుడ్డలో తల దూర్చి కెమెరా సరిచూసుకున్నాడు. గుడ్డ తీస్తూనే చేతిలోని రబ్బరు బుడగ నొక్కి ఫోటో తీయడం అతని అలవాటు. గుడ్డ తీయగానే కుర్చీలోని ఆదెమ్మ కళ్లు మూసుకుని దండం పెట్టింది. ఫోటో పడే గాజు ప్లేట్లు రెండు అలాగే పాడయ్యాయి. మిగిలింది ఒక్కటే. కొత్తవి బెంగుళూరు నుంచి రావాలి.

"ఎందుకవ్వా దండం పెడతాండావు?"

"గుళ్లో తెర తీస్తే పెట్టమా?" అంది ఆదెమ్మ.

"ఆడుండేది దేవుడు. ఈడుండేది నేను కదా!"

"నిన్ను దేవుడని ఎవురన్నారప్పా? తెర తీస్తే చేతులు వాటంతటవే లేస్తాయి."

నీలావతి పక్కున నవ్వింది. భాస్కరయ్య ఈసారి గుడ్డ తీసి, బుడగ నొక్కకుండా, అవ్వ తీరిగ్గా మొక్కుకునేదాకా ఆగాడు. ఆమె చేతులు దించాక బుడగను వీపు వెనక దాచి మాటల్లో పెట్టాడు.

"చిన్నప్పుడు మీ నీలావతి ఇంట్లో పని బాగా చేసేదా అవ్వా?"

ఆదెమ్మ కళ్లు ఇంతింతయ్యాయి. కూతురి వైపు వేలు చూపింది.

"ఇదా? కసువు ఊడ్చమంటే పొరక దాచిపెట్టేది!"

భాస్కరయ్య వీపు వెనక బుడగ నొక్కేశాడు.

"ఇంక తియ్యప్పా, బస్సు ఎల్లిపోతాది."

"తీసేసినా అవ్వా!"

ధర్మవరంలో ఆ ఇంటికి వచ్చినవాళ్లందరికీ నీలావతి గోడకేసి చూపించి మురిసిపోయేది.

"చూడండి, మాయమ్మ నన్నే తిడతాండాది!"