అమిల్కరె బూర ఊదిన వేళ

ఇటలీలోని కర్రారా పాలరాతి గనుల వాళ్ళకి కంపెనీ కొత్తరకం శిక్షణ పెట్టింది. గోడంత అద్దం తెర, దాని అడుగున ఎడమ నుంచి కుడికి ఒక తెల్లటి గీత. ఆ గీత ఒక పూట. వేలు పెట్టి జరిపితే పైన కొండ మీద ఎండ జరుగుతుంది, మనుషులు కదులుతారు. అది ఏ పూటో చెప్పగానే, పాత పనివాడు ఒరెస్తె తెర మీంచి మొహం తిప్పుకున్నాడు. వాళ్ళ నాన్న అమిల్కరె పోయిన పూట.

చదువుకున్నవాళ్ళకి మనిషి చావు కూడా పాఠమే, అనుకున్నాడు.

అమిల్కరె కాపలా మనిషి. చరియ మీద కూర్చుని, రాయి కదిలితే బూర ఊదాలి. కింద రాయి కోసే నలుగురూ పరిగెత్తాలి. ఆ రోజు నలుగురూ బతికారు, ఒకడికి కాలు పోయింది, చరియతో పాటు అమిల్కరె పోయాడు. తాగి కునుకు తీశాడనీ, బూర ఆలస్యంగా ఊదాడనీ ఊరంతా అంది. ఒరెస్తె ఆ మాట మోస్తూనే ముసలాడవుతున్నాడు.

"ఈ బూర గుర్తుని గీత మీద మీకు తోచిన చోట పెట్టండి, తర్వాత ఏమవుతుందో చూద్దాం," అంది పాఠం చెప్పే నీవెస్.

కుర్ర పనివాడు రిబెల్లె ముందుకి దూకాడు. పోయిన కాలు వాడి తాతదే. "చూడు బాబాయ్, మీ నాన్న చెయ్యలేనిది నేను చేస్తా. మా తాతకి కాలు తిరిగిచ్చేస్తా!"

గుర్తుని బాగా ముందుకి లాగాడు. బూర మోగింది. నలుగురూ పరిగెత్తి గుడిసె దగ్గర కూర్చున్నారు. ఎంతసేపటికీ ఏదీ పడలేదు. మేస్త్రీ తిట్టుకుంటూ వెనక్కి తోలాడు. వాళ్ళు వంగి పని అందుకున్నారో లేదో, కొండ విరిగింది. నలుగురూ దాని కిందే.

"కాలు సంగతి తర్వాత, తాతనే చంపేశావు కదరా!" అన్నారెవరో. ఎవరూ నవ్వలేదు.

ఒక్కొక్కరూ లేచి ప్రయత్నించారు. కాస్త ముందు పెట్టినా చావే, కాస్త వెనక పెట్టినా చావే. వాళ్ళు బతికే చోటు ఆ గీత మొత్తం మీద వెంట్రుకంతే ఉంది. ఆ రోజు నలుగురూ బతికారంటే, అమిల్కరె ఊదింది సరిగ్గా అక్కడే.

ఒరెస్తె లేచాడు. తెర దగ్గరికి వెళ్ళాడు. "కాపలావాడు బతికే దారి లేదా అమ్మా?"

నీవెస్ తల దించుకుంది. "ఉంది. బూర ఊదకుండా నిచ్చెన దిగిపోవాలి."

ఒరెస్తె గుర్తు తీసేశాడు. తెర మీద చిన్న మనిషి నిచ్చెన దిగాడు. వెనక కొండ మొత్తం కూలి, తెల్లటి దుమ్ము ఆకాశం దాకా లేచింది. దుమ్ము అణిగాక ఎండలో నాన్న ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆ రోజు మధ్యాహ్నపు ఎండలో నాన్నని చూస్తానని ఒరెస్తె కలలో కూడా అనుకోలేదు.

"బాబాయ్," అన్నాడు రిబెల్లె, గొంతు తగ్గించి. "అలాగే ఉంచు కాసేపు. మేమేం అనుకోం."

ఉంచాడు. తర్వాత గీతని వెనక్కి లాగి, ఆ వెంట్రుకంత చోట, తన చేత్తోనే బూర గుర్తు పెట్టాడు.

బూర మోగింది. గదిలో ఉన్నవాళ్ళంతా లేచి టోపీలు తీశారు. నలుగురూ పరిగెడుతున్నారు, చివరగా రిబెల్లె తాత, రాయి తగిలిన కాలు ఈడ్చుకుంటూ. వాళ్ళు తెర దాటిపోయేదాకా ఒరెస్తె గీత మీంచి వేలు తియ్యలేదు.