పంతొమ్మిదో పొర

నాలుగింటికల్లా ఒక రిపోర్టులో రెండు ముక్కలు రాయాలి. అంతే పని. "ప్రభావం లేదు" అని రాస్తే మేనేజరు హాయిగా ఇంటికి పోతాడు. "ప్రభావం ఉంది" అని రాస్తే ఎక్కడ, ఎంత, ఎందుకు అని వంద ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఆ రెండు ముక్కలు రాయడానికి రూల్సక్కకు పొద్దున్నుంచీ చెయ్యి రావడం లేదు.

రూల్సక్క అన్నది ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. ఎదురుగా మేడమ్ అంటారు, వెనక రూల్సక్క అంటారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. పేరు ఊరికే రాలేదు లెండి. నడుస్తున్న ప్రోగ్రాములో ఎవరైనా చేత్తో ఇంత మార్పు చేశారా, ఇక వాళ్ల పని అయిపోయినట్టే. "రాతలో లేనిది మార్పు కాదు, నేరం" అని పదిమంది ముందూ నిలబెట్టి కడిగేస్తుంది. కడిగించుకున్నవాళ్లు వారం దాకా ఆవిడ కంటబడకుండా మెట్లదారిన తిరుగుతారు.

వాళ్ల ఆఫీసు చేసే పని చెప్పడం తేలికే. ఎనిమిది ఆసుపత్రులు ఉన్నాయి. ల్యాబులో రక్తం పరీక్ష చేసే మిషను ఒక భాష మాట్లాడుతుంది, వార్డులో నర్సు చూసే తెరకు ఇంకో భాష వచ్చు. మధ్యలో నిలబడి ఒకరి మాట ఇంకొకరికి చేరవేసే సాఫ్ట్‌వేరు వీళ్లది. అది కంటైనర్లలో నడుస్తుంది. కంటైనరంటే మరేం లేదు, ప్రోగ్రాముకు కావలసిన సరంజామా అంతా సర్దిపెట్టిన డబ్బా. ఆ డబ్బాను పోసే అచ్చు పేరు ఇమేజి. పాత ఇమేజికి నెలాఖరు తర్వాత మరమ్మతులు చేసేది లేదని దాన్ని తయారుచేసేవాళ్లు చేతులు దులిపేసుకున్నారు. కొత్తదానికి మారక తప్పదు. మారితే ఏం తెగుతుందో ఏం తెగదో తేల్చాల్సింది రూల్సక్క. తేల్చడంలో పొరబడితే ఎక్కడో ఒక నర్సు తప్పు అంకె చూస్తుంది, దాన్ని నమ్మి మందు ఎక్కిస్తుంది. ఇందులో అంత భయపడ్డానికేముంది అంటాడు మేనేజరు. ఆయనకేం, ఆయన సంతకం ఈవిడ సంతకం కింద ఉంటుంది.

ఒంటిగంటకు రోజూలాగే రూల్సక్కకు సొంత అక్క ఫోన్ చేసింది. అక్కది ఆ ఎనిమిదిలో ఒకటైన, రోడ్డుకు అవతలున్న ఆసుపత్రి. అమ్మ పోయాక జడలు వేసి, లెక్కలు చెప్పి, చెల్లెల్ని ఇంతదాన్ని చేసింది ఆవిడే. ఒకప్పుడు పెద్ద వార్డుకు ఇన్‌ఛార్జి నర్సు. ఆరేళ్ల కిందట దుప్పట్ల స్టోర్సుకు మారింది, మోకాళ్ల నొప్పులని తనే అడిగి మారానని చెప్పింది.

"తిన్నావుటే?" అంది అక్క.

"ఇంకా లేదక్కా. నీ దుప్పట్ల లెక్క తేలిందా?"

"రెండుసార్లు లెక్కపెట్టా. మూడోసారి పెడుతున్నా."

"దుప్పట్లకి మూడుసార్లేంటక్కా, అవేమన్నా లేచి నడుస్తాయా?"

"నా కళ్లని నమ్మలేనే. కొత్త అద్దాలు కూడా సరిగ్గా కుదరలేదు," అంది అక్క. ఈ ఆరేళ్లలో ఆవిడ కళ్లజోడు మార్చడం ఎన్నోసారో చెల్లెలికి లెక్కే లేదు. ఇంట్లో అదొక తమాషా అయిపోయింది. నవ్వేసి ఫోన్ పెట్టేసింది.

టెస్టింగు చేసే ఆయన కుర్చీతో సహా దొర్లుకుంటూ వచ్చాడు. ఏదడిగినా "అంతా పచ్చగానే ఉంది" అంటాడని ఆయనకు పచ్చలైటు అని పేరు.

"కొత్త ఇమేజి మీద నాలుగువందల పన్నెండు పరీక్షలు పెట్టా మేడమ్. నాలుగువందల పన్నెండూ పచ్చే. రాసేయండి ఇంక."

"ఒక్కసారి పొరలు చూసి రాస్తా."

"చూడండి చూడండి. కడుపు నిండా చూడండి," అంటూ దొర్లుకుంటూ పోయాడు.

ఇమేజిని పొరలు పొరలుగా కడతారు. ఏ పొరలో ఏముండాలో బిల్డు ఫైలని ఒక ఫైలులో రాస్తారు, లైనుకో పొర. రూల్సక్క బిల్డు ఫైలు తెరిచి లైన్లు లెక్కపెట్టింది. పద్దెనిమిది. ఇన్నేళ్లుగా నడుస్తున్న పాత ఇమేజి తెరిచి పొరలు లెక్కపెట్టింది. పంతొమ్మిది.

తెర మీద వేలు పెట్టి మళ్లీ లెక్కపెట్టింది. పంతొమ్మిదే.

ఆ చివరి పొరకు పేరు లేదు, ఎవరు వేశారో ఎందుకు వేశారో లేదు. తేదీ, టైము మాత్రం ఉన్నాయి. ఆరేళ్ల కిందటి తేదీ, పగలు పదకొండూ నలభై. అప్పట్లో ఇమేజి ముట్టుకునే అధికారం ఇద్దరికే ఉండేది. ఒకాయన ఆ నెలంతా సెలవులో ఉన్నాడు. రెండో మనిషి ఉద్యోగంలో చేరి ఇరవై రోజులైన ఈవిడే.

ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, ఆ పొర విప్పింది. లోపల ఒకే ఒక్క ఫైలు. డబ్బా ఏ ప్రాంతపు గడియారం ప్రకారం నడవాలో చెప్పే ఫైలు. అది లేకపోతే డబ్బా మన గడియారానికి గంటలకొద్దీ వెనక నడుస్తుంది.

అప్పుడు అంతా గుర్తొచ్చింది. ముందురోజు రాత్రే మొదటిసారి సాఫ్ట్‌వేరును కంటైనర్లలోకి మార్చారు. మధ్యాహ్నం కాకముందే ల్యాబు గుమాస్తా ఫోన్ చేశాడు. "అమ్మా, మేం పంపే రిజల్టుల మీద టైము గంటలకు గంటలు వెనక పడుతోంది. వార్డు తెర మీద మా రిజల్టు పాతవాటి కిందికి పోయి కూర్చుంటోంది, కాస్త చూడమ్మా." ల్యాబు రిజల్టుకు టైము వేసేది వీళ్ల డబ్బాయే. మంచం పక్కన ఉండే చిన్న మిషను రిజల్టు వేరే దారిలో, సొంత టైముతో వస్తుంది. వార్డు తెర అన్నిట్లో కొత్తదాన్ని పైన పెడుతుంది. డబ్బా గడియారం వెనకబడితే ల్యాబు పంపిన తాజా రిజల్టు కూడా పొద్దుటి రిజల్టు కిందికి జారిపోతుంది. రాయడానికి, అడగడానికి టైమేది? నడుస్తున్న డబ్బాలో చేత్తో గడియారం ఫైలు పెట్టి, వెనకబడ్డ రిజల్టులను సరైన టైముతో మళ్లీ పంపి, డబ్బాను ఉన్నదున్నట్టు ఇమేజిగా దాచేసింది. పది నిమిషాల పని. రేపు బిల్డు ఫైలులో రాద్దాంలే అనుకుంది. ఆ రేపటికి ఆరేళ్లు నిండాయి.

పదిమందిని ఏ తప్పుకు కడిగేస్తూ వచ్చిందో, ఆ తప్పును అందరికంటే ముందు చేసింది తనే. సిగ్గు సంగతి తర్వాత, ముందు కొత్త ఇమేజిలో ఆ గడియారం లేదు.

"మీ పరీక్షల్లో టైము పోలుస్తున్నారా?" అని పచ్చలైటును అడిగింది.

"టైమా? ఎలా పోలుస్తాం మేడమ్, అది ప్రతిసారీ మారేదే కదా. దాన్ని వదిలెయ్యమని పెట్టా. లేకపోతే అన్నీ ఎర్రగా వచ్చి నా ప్రాణం తీస్తాయి."

"పొద్దుటి టైముతో మంచం పక్క మిషను రిజల్టు ఒకటి పంపండి. వెంటనే ల్యాబు రిజల్టు పంపి, తెర చూడండి."

ఆయన పంపాడు. ఇద్దరూ తెర చూశారు. ఇప్పుడే వచ్చిన ల్యాబు రిజల్టు పొద్దుటిదాని కింద తలొంచుకుని కూర్చుంది.

"ఓరి నాయనో!" అన్నాడు పచ్చలైటు. "మనం చూడకపోతే ఎనిమిది ఆసుపత్రుల్లోనూ కొంపలు మునిగేవి మేడమ్."

రూల్సక్క బిల్డు ఫైలులో పంతొమ్మిదో లైను రాసింది. ఇమేజి మళ్లీ కట్టారు, మళ్లీ పంపారు. ల్యాబు రిజల్టు పైకెక్కింది. టైము చూస్తే మూడూ పది. పచ్చలైటు ఊపిరి పీల్చుకుని టీ తాగడానికి పోయాడు. రూల్సక్కకు మాత్రం ఊపిరాడలేదు. రిపోర్టులో ఇంకో గడి మిగిలి ఉంది. "ఈ సెట్టింగు ఎప్పుడు, ఎందుకు చేరింది? ఎవరు చేర్చారు?" ఆ గడి పెట్టించింది ఎవరనుకున్నారు? ఈవిడే. మేనేజరు వద్దు మొర్రో అంటున్నా పోట్లాడి మరీ పెట్టించింది.

"మొదటి నుంచీ ఉన్నదే" అని రాస్తే సరిపోతుంది. ఎవరు చూడొచ్చారు? గడియారం ఎలాగూ సరి అయింది, ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. అలా రాసింది కూడా. రాశాక కొత్త భయం పట్టుకుంది. ఆ రోజు గురించి ఎక్కడైనా ఏదైనా కాగితం ఉండి, అబద్ధం బయటపడితే? పాత ఫిర్యాదుల్లో ఆ తేదీ వెతికింది.

ఒకటి దొరికింది. ఆసుపత్రి నుంచి వచ్చిన ఫారం. "వార్డు తెర మీద రిజల్టుల వరస తప్పిందా అన్న అనుమానం. ఆ రోజు మీ సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా మార్పు జరిగిందా?" పక్కన "లేదు" దగ్గర టిక్కు. కింద పొట్టి సంతకం, తనదే. ఆ టిక్కు ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు మార్పుల రిజిస్టరు చూస్తే ఆ తేదీ కింద ఏమీ లేదు. ఉండదు మరి, రాస్తేగా ఉండడానికి! చెబితే కొత్త ఉద్యోగం ఊడుతుందని భయపడి, రిజిస్టరులో లేదు కాబట్టి లేదు అని తనకు తనే నచ్చజెప్పుకుని టిక్కు పెట్టేసింది.

ఫారం అడుగున "జతచేసిన కాగితం: ఒకటి. తెరిచినవారు: సున్నా" అని ఉంది. ఆఫీసులో జతకాగితాలు ఎవరూ తెరవరు. టిక్కు పెట్టడానికి వాటితో పనేముంది? ఇప్పుడు తెరిచింది.

చేతిరాత. చదవకముందే ఆ రాత ఎవరిదో తెలిసిపోయింది. చిన్నప్పుడు తన పుస్తకాల అట్టలన్నిటి మీదా పేరు రాసిపెట్టిన రాత అది.

"పదకొండున్నరకు తెర చూశాను. పై వరసలో పొటాషియం తక్కువ అని ఉంది. తక్కువుంటే డ్రిప్పులో కలపమని డాక్టరుగారు చెప్పి ఉన్నారు కనుక కలిపాను. కాసేపటికి పేషెంటు గుండె లయ తప్పింది. డాక్టరుగారికి తెర చూపించబోతే పై వరసలో ఎక్కువ అని ఉంది, తక్కువ అన్నది దాని కిందుంది. నేను చూసినప్పుడు అలా లేదు. కానీ ఇప్పుడు అందరికీ అలాగే కనిపిస్తోంది కాబట్టి నా కళ్లే పొరబడి ఉంటాయి. తప్పు నాదే."

దాని కింద, ఫారానికి జవాబు అందాక ఆసుపత్రివాళ్లు టైపు చేసి చేర్చిన నాలుగు లైన్లు. పేషెంటు నాలుగో రోజుకు కోలుకున్నాడు. సాఫ్ట్‌వేర్‌లో ఏ మార్పూ జరగలేదని తేలినందువల్ల, నర్సు అజాగ్రత్తగా భావించి వార్డు బాధ్యతల నుంచి తప్పించడమైనది.

అక్క చూసింది పదకొండున్నరకు, అప్పుడు పైనున్నది పొద్దుటి పాత రిజల్టు. తను గడియారం దిద్దింది పదకొండూ నలభైకి. ఆ పది నిమిషాల వల్ల ఒక మనిషి చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. ఆ పది నిమిషాలను ఎవరికీ కనపడకుండా తనే చెరిపేసింది. మోకాళ్ల నొప్పులట! మూడుసార్లు లెక్కపెట్టే దుప్పట్లు, ఎన్ని మార్చినా కుదరని కళ్లజోళ్లు, వాటి మీద ఇంటిల్లిపాదీ నవ్వుకున్న నవ్వులు. రూల్సక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పచ్చలైటు టీ గ్లాసుతో వచ్చి, చూసి, అలాగే వెనక్కి వెళ్లిపోయాడు.

గడిలో రాసింది కొట్టేసింది. తేదీ వేసింది, టైము వేసింది, తన పేరు వేసింది. "చేత్తో పెట్టాను. రాతలో పెట్టలేదు. అంతకుముందు వార్డు తెర మీద వరస నిజంగానే తప్పింది. ఫిర్యాదుకు నేనిచ్చిన జవాబు అబద్ధం. జతకాగితం రాసిన నర్సు చూసింది సరైనదే" అని రాసింది.

నాలుగింటికి మేనేజరు ఆ గడి దగ్గర ఆగిపోయాడు. ఇలాంటి చోట నీళ్లు నమలడం ఆయనకు అలవాటు.

"ఇదెందుకండీ ఇప్పుడు? సరిచేశారు కదా, వదిలెయ్యండి. ఎప్పటి మాటో. ఇది పైకి వెళ్తే మీ ఉద్యోగం మీదికి వస్తుంది."

"రానివ్వండి సార్."

"మీ మంచికే చెబుతున్నా."

"ఒక కాపీ ఆసుపత్రి నర్సింగు ఆఫీసుకు పంపేశాను," అంది. మేనేజరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, ఆవిడ సంతకం కింద తన సంతకం పెట్టాడు.

రోడ్డు దాటి స్టోర్సుకు వెళ్లేసరికి అక్క బల్ల మీద దుప్పట్లు కట్టలు కడుతోంది.

"ఏమే, ఈ వేళప్పుడొచ్చావ్? మొహం అలా ఉందేంటి? తిన్లేదా ఇంకా?"

చెల్లెలు కాగితం చేతికిచ్చింది. అక్క జోడు సవరించుకుని చదివింది. మళ్లీ చదివింది. మూడోసారీ చదివింది. దుప్పట్ల కట్ట మీదే కూలబడింది.

"అంటే నేను సరిగ్గానే చూశానా?"

"సరిగ్గానే చూశావక్కా. మార్చింది నేను. ఫారం మీద లేదని రాసింది కూడా నేనే. అది నీ గురించని తెలీదు. తెలీకపోతే మాత్రం..."

అక్క కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

"నా వల్ల ఒక మనిషి పోయేవాడే అని ఆరేళ్లుగా నిద్రలో ఉలిక్కిపడి లేస్తున్నానే. మందు సీసా చేతిలోకి తీసుకోవాలంటే భయం. ఇంట్లో పాల ప్యాకెట్టు మీద తేదీ కూడా నన్ను నేను నమ్మకుండా చదువుతున్నా. నువ్వేమో పక్క గదిలో పడుకుని నవ్వేదానివి."

"అక్కా..."

"వెళ్లు. ఇవాళ నీతో మాట్లాడలేను. వెళ్లవే."

చెల్లెలు గుమ్మం దాకా వెళ్లి ఆగింది. బయటికి అడుగు పడలేదు. వెనక అక్క ముక్కు చీదుకుని లేచింది. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుంది. విప్పిన దుప్పట్ల దొంతర ముందుకు లాక్కుని ఒక్కొక్కటే పక్కన వేస్తూ లెక్కపెట్టింది. ఒకే ఒక్కసారి లెక్కపెట్టి, పుస్తకంలో అంకె వేసి, కట్ట ఎత్తి అలమరలో పెట్టేసింది.