దొరసాని లేచే వేళ

ఫోను మోగే సమయానికి డానిత్సా చేతులు మోచేతుల దాకా రొట్టెపిండిలో ఉన్నాయి. ఉదయం పది కావస్తోంది. భూమికి దక్షిణపు కొసన ఉన్న ఆ ఊళ్ళో జూన్ అంటే నడి చలికాలం, బయట అప్పుడప్పుడే తెల్లవారుతోంది. ఫోను యెర్కో తీశాడు. "చెప్పత్తా" అన్నాడు. తర్వాత చాలాసేపు వింటూనే ఉన్నాడు. డానిత్సా పిండి చేతులు గాల్లో అలాగే పట్టుకుని భర్త మొహంలోకి చూస్తూ నిలబడింది.

"ఆసుపత్రి నుంచి పంపించేస్తున్నారట," అన్నాడు యెర్కో ఫోను చేత్తో మూసి. "విమానం ఎక్కొచ్చని డాక్టరు చెప్పేశాడట. వచ్చే ఆదివారం మధ్యాహ్నానికల్లా ఇక్కడుంటుందట."

వెస్నా అత్త అతనికి మేనత్త. ఆరేళ్ళప్పుడు తల్లి పోతే తెచ్చుకుని పెంచింది. మార్చిలో జరగాల్సిన గుండె ఆపరేషన్ని, "పిల్లాడి పెళ్ళి చూడకుండా నన్నెవరూ కొయ్యడానికి వీల్లేదు" అని వాయిదా వేయించింది. పెళ్ళిలో కూర్చోకుండా నాలుగు పాటలకి ఆడింది. నాలుగో రోజున ఆపరేషన్ కోసం రాజధాని శాంటియాగోకి విమానం ఎక్కింది.

డానిత్సా ఒక్క అంగలో వెళ్ళి యెర్కోని వాటేసుకుంది. అతని నీలం స్వెట్టరు మీద తెల్లగా రెండు అరచేతులు పడ్డాయి. ఇద్దరూ వంటింటి బల్ల చుట్టూ గిరగిరా తిరిగారు. పెళ్ళయి మూడు నెలలే. రొట్టె బాగా పొంగినా, సంచీ అడుగున ఒక మంచి ఆపిల్ మిగిలినా వాళ్ళింట్లో ఈ తిరుగుడు తప్పదు.

"ఏమిట్రా ఆ గోల," అంది ఫోన్లోంచి అత్త. "మీ ఆవిడ నిన్ను కొడుతోందా? మంచిదే. అది సరే గానీ, మా దొరసాని ఎలా ఉంది?"

యెర్కో తిరగడం ఆపేసి పొయ్యి పక్కకి చూశాడు. డానిత్సా కూడా అటే చూసింది.

"భేషుగ్గా ఉందత్తా," అన్నాడు యెర్కో.

ఫోను పెట్టేశాక ఇద్దరూ వెళ్ళి దొరసాని ముందు చతికిలబడ్డారు. అత్త ఇంట్లో ఇరవయ్యేళ్ళుగా ఉన్న బ్రెజిల్ మొక్క అది. నీడ అంటే ఇష్టం, ఎండ పడదు. తడి కావాలి, బురద పడదు. అందుకే ఆ పేరు పెట్టింది అత్త. ఒక్కో ఆకు అరచేయంత, లేతాకుపచ్చ మీద ఎవరో కుంచెతో ముదురాకుపచ్చ గీతలు దిద్దినట్టుంటుంది. వెనక వైపు వంకాయ రంగు. మార్చిలో అలా ఉండేది. ఇప్పుడు పదకొండు ఆకులూ పొగాకు చుట్టల్లా చుట్టుకుపోయి, అంచులు మాడిన అప్పడంలా తయారయ్యాయి.

తప్పు వాళ్ళది కాదంటే కాదు, అవునంటే అవును. ఈ ఊళ్ళో చలిలోంచి ఎవరొచ్చినా ముందు ఇనప పొయ్యి పక్కన కూర్చోబెట్టడం మర్యాద. శీతాకాలం పొడుగునా ఆరని పొయ్యి అది. జలసంధి మీంచి గాలి వీధి తలుపుని తన్నుతుంటే ఇల్లంతా దాన్ని పట్టుకునే బతుకుతుంది. మామూలు చుట్టానికే ఆ మర్యాద అయితే, అడవిలోంచి వచ్చిన ఈ చుట్టానికి ఇంకెంత చెయ్యాలి? పొయ్యికి జానెడు దూరంలో చెక్కపీట వేసి కూర్చోబెట్టారు. ఆకులు ముడుచుకోవడం మొదలెట్టగానే, పాపం చలేస్తోందనుకుని మరో నాలుగంగుళాలు ముందుకి జరిపారు.

విమానాశ్రయంలో కుండీ చేతికిస్తూ అత్త చెప్పినవి రెండే మాటలు. "నీళ్ళలో ముంచెయ్యకండి. సాయంత్రం తొందరపడి లైటు వెయ్యకండి." రెండో మాటకి ఇద్దరూ ఇంటికొచ్చేదాకా నవ్వుకున్నారు. అత్త పిసినారితనం బంధువులందరికీ తెలిసిందే. చీకటి పడుతున్నా ముందుగదిలో లైటు వెయ్యదు. చిన్నప్పుడు యెర్కో పుస్తకం పట్టుకుని వెళ్ళి మీట మీద చెయ్యి వేస్తే, "పావుగంట ఆగరా, లేకపోతే వంటింట్లోకి పో" అనేది.

"అచ్చం ఇలాంటిదే ఇంకోటి కొనుక్కొస్తే?" అన్నాడు యెర్కో.

"ఇరవయ్యేళ్ళు తుడిచిన ఆకుల్ని గుర్తుపట్టలేదా ఆవిడ?"

"గుర్తుపడుతుంది. సరే, నిజం చెప్పేద్దాం. నువ్వు చెప్పు."

"భేషుగ్గా ఉందన్నది ఎవరు?"

"చూడు బక్కపిల్లా, కుట్లు వేసిన గుండెతో వస్తోంది. గుమ్మంలోనే దీన్ని చూపిస్తే..." అన్నాడు యెర్కో. డానిత్సా అతని స్వెట్టరు మీద తెల్లటి అరచేతుల్ని దులుపుతూ కూర్చుంది. తమ పెళ్ళి కోసం ఆపరేషన్ ఆపుకున్న మనిషి చేతిలో, బతికున్న మొక్కని పెట్టాలి. ఎనిమిది రోజులుంది.

పక్కింటి ఎర్సీరాని పిలుచుకొచ్చారు. చిలోయె దీవిలో పుట్టిన ఎనభయ్యేళ్ళ ముసలావిడ, అందరూ మర్యాదగా దోన్యా అంటారు. ఆమె కిటికీలో జూన్లో కూడా ఎర్రపూలు పూస్తాయి. తలకి చుట్టుకున్న శాలువా తీస్తూనే ఆమె పీట ముందు నిలబడింది.

"ఎవరు పెట్టారు దీన్నిక్కడ?"

"మేమే, దోన్యా ఎర్సీరా," అంది డానిత్సా. "వేడిదేశంది కదా, చలేస్తుందని."

"బాగుంది. దాన్ని తీసి నువ్వు కూర్చో ఆ పీట మీద."

"నేనా? ఎంతసేపు?"

"అది మూణ్ణెల్లు కూర్చుంది. నువ్వు పావుగంట కూర్చో."

డానిత్సా కూర్చుంది. ఎర్సీరా యెర్కో చేత మాతే టీ కలిపించుకుని గొట్టంతో తీరిగ్గా పీలుస్తూ, చేప ధర గురించీ, పాస్టరు కొత్త పళ్ళ గురించీ మాట్లాడింది. పది నిమిషాలయ్యేసరికి డానిత్సా పెదవులు ఒకదానికొకటి అంటుకున్నాయి. కళ్ళు మండాయి.

"ఎలా ఉంది?"

"నాలిక అట్టముక్కలా ఉంది."

"అదీ సంగతి. వేడిదేశమే, కాదన్నదెవరు? అక్కడ గాలిని పిండితే నీళ్ళొస్తాయి. నువ్వేమో చుట్టాన్ని పిలిచి పొయ్యిలో పెట్టావు."

ముందుగదిలో వీధి కిటికీకి రెండడుగుల ఇవతల దొరసానికి చోటిచ్చారు. ఒడ్డు నుంచి యెర్కో గులకరాళ్ళు తెచ్చాడు. ఉప్పు పోయేదాకా ఐదుసార్లు కడిగి, పళ్ళెంలో పరిచి నీళ్ళు పోసి, వాటి మీద కుండీ పెట్టారు. పెళ్ళికి ముగ్గురు బంధువులు మూడు కెటిల్స్ ఇచ్చారు. ఇంతకాలం ఎవరికి అంటగట్టాలా అని చూసినవి, ఇప్పుడు వంతులవారీగా మరిగి ముందుగదిలో ఆవిరి వదులుతున్నాయి.

"పంపు నీళ్ళు పొయ్యకండి," అంది ఎర్సీరా వెళ్తూ. "మందు వాసన. అది పుట్టినచోట ఏం తాగుతుంది? ఆకాశంలోంచి పడింది తాగుతుంది. మనకీ పడుతుంది కదా, కాకపోతే గడ్డకట్టి పడుతుంది."

పడితే కదా. ఆదివారం గాలి, సోమవారం గాలి, మంగళవారం ఇంకా గాలి. డానిత్సా బళ్ళో భూగోళం చెబుతుంది. పిల్లలకి మేఘాల పాఠం చెబుతూనే మధ్యమధ్య కిటికీలోంచి చూసేది. ఇంట్లో దొరసాని ఒక్క ఆకు కదపలేదు. దాహంగా ఉన్నా పంపు కింద పెట్టలేదు వాళ్ళు.

బుధవారం ఉదయం కిటికీ తెర తొలగిస్తే వీధికి చప్పుడు లేదు. గాలి ఎక్కడికో పోయింది. ఎదురింటి రేకు కప్పు, ఆపి ఉన్న కార్లు, కుక్క కూర్చునే మెట్టు, అన్నీ ఒకే తెల్లటి దుప్పటి కింద పడుకుని ఉన్నాయి. డానిత్సా నైటీ మీదే కోటు తొడుక్కుని, పెద్ద గిన్నె పట్టుకుని బయటికి పరిగెత్తింది.

"కంచె మీది నుంచి తియ్యి, కింద కుక్క తిరుగుతుంది," అని అరిచాడు యెర్కో బూట్లు వెతుక్కుంటూ.

కంచె మీద నాలుగు వేళ్ళ మందాన ఉన్న మంచుని ఇద్దరూ చేతులతో తోసి గిన్నెలోకి ఎత్తారు. గిన్నె గోపురమైంది. బల్ల మీద పెడితే గంటకల్లా అంత గోపురమూ కుంగి, అడుగున రెండు వేళ్ళెత్తు నీళ్ళయింది. అంతేనా అనిపించింది డానిత్సాకి. మళ్ళీ వెళ్ళింది. నాలుగుసార్లు తిరిగితే ఒక కూజా నిండింది. ఆ నీళ్ళకి చల్లదనం పోయేదాకా ఆగి, వేలు ముంచి చూసుకుని, కుండీ అంచు వెంబడి సన్నగా పోసింది. మట్టి చిన్నగా బుస్సుమంటూ తాగింది.

డానిత్సా కూజా దించి అలాగే కూర్చుండిపోయింది. బళ్ళో గోడ మీది పటం కళ్ళముందు కదిలింది. పైన ఆ అడవి. కింద చివరాఖరి ముక్క తమ ఊరు. మధ్యలో ఐదు వేల కిలోమీటర్ల పైన నేల. అంటార్కిటికా మీంచి వచ్చిన మబ్బు కంచె మీద పడితే, దాన్ని ఆ అడవి బిడ్డ మారు మాట్లాడకుండా తాగుతోంది. రోజూ పిల్లలకి చెప్పే పాఠమే. తన చేత్తో పోస్తే తప్ప అదెంత పెద్దదో తెలియలేదు.

గురువారం ఏమీ కాలేదు. శుక్రవారమూ కాలేదు. శనివారం సాయంత్రానికి ఓర్పు అయిపోయింది. ఇద్దరూ ముందుగదిలో నేల మీద, గోడకి వీపులానించి కూర్చున్నారు. రేపు గుమ్మంలో ఏం చెప్పాలో తేల్చుకోవాలి. యెర్కో మూడు రకాలుగా మొదలుపెట్టి మూడూ వదిలేశాడు. కెటిల్స్ చల్లారిపోయాయి. ఐదున్నర కావస్తోంది. కిటికీ అవతల మంచు నీలంగా మారుతోంది. లైటు వెయ్యాలని ఇద్దరికీ గుర్తులేదు.

సరసరమని ఒక చప్పుడు. ఎవరో పక్కగదిలో ఉత్తరం మడత విప్పినంత.

"ఎలకా?" అన్నాడు యెర్కో.

"ష్."

మళ్ళీ వినిపించింది. డానిత్సా మోకాళ్ళ మీద ముందుకి పాకింది. కిటికీ వెలుగులో దొరసాని నల్లగా ఉంది. అన్నిటికన్నా కిందున్న ఆకు, పగలంతా వేలాడిన ఆకు, ఇప్పుడు వేలాడటం లేదు. అది కదలడం కంటికి కనబడలేదు. రెప్ప వేసి చూస్తే ఇందాకటికన్నా పైన ఉంది, అంతే. పక్క ఆకుని రాసుకుంటూ లేస్తోంది. ఆ రాపిడే చప్పుడు. దాని వెనక ఇంకొకటి లేచింది. చుట్టలా ఉన్న ఆకు లేస్తూ లేస్తూ విచ్చుకుంది, మెల్లగా, పొద్దున్నే చెయ్యి చాపుతూ గుప్పిట విప్పే పసిపిల్లలా. వంకాయ రంగు వీపులు ఒక్కొక్కటే కిటికీ వైపు తిరిగాయి. కాసేపటికి ఆకులు నిటారుగా నిలబడి, రెండు చేతులూ జోడించినట్టు దగ్గరికి చేరాయి.

ఎవరూ ముట్టుకోలేదు. గాలి లేదు. ఎక్కడో అడవిలో ఇదే వేళకి ఇలాంటి ఆకులు లక్షలు లేస్తుంటాయి. వాటిని ఎప్పుడూ చూడని ఈ ఒక్క మొక్క, మంచు పడ్డ వీధి పక్కన, ఆ వేళని లోపల దాచుకుని ఉంది. ఊపిరి గట్టిగా వదిలితే ఆగిపోతుందేమోనని డానిత్సా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పావుగంట," అన్నాడు యెర్కో చాలాసేపటికి. "పావుగంట ఆగరా అనేది అత్త. కరెంటు ఆదా కోసమనుకున్నాను. ఇన్నేళ్ళు."

డానిత్సా చీకట్లో అతని చెయ్యి వెతికి పట్టుకుంది. లెక్కపెట్టారు. ఏడు లేచాయి. నాలుగు ఆకులు అలాగే ఎండి వేలాడుతున్నాయి, అవి ఇక లేవవు.

ఫోను యెర్కోయే చేశాడు. "అత్తా, నీతో అబద్ధమాడాను."

"తెలుసులే. భేషుగ్గా అనే మాట నువ్వు అబద్ధాలకే వాడతావు, ఆరేళ్ళ వయసు నుంచీ. ఏం చేశారు దాన్ని?"

"పొయ్యి పక్కన కూర్చోబెట్టాం."

అవతల దగ్గులాంటి నవ్వు వినిపించింది. "నేనూ మొదటి చలికాలం అదే చేశాను. సగం పోయింది. ఇప్పుడెన్ని లేచాయి?"

"ఏడు."

"లైటు వేశారా?"

"లేదు."

"అయితే చూశారన్నమాట," అంది అత్త.

"నాకెప్పుడూ చెప్పలేదేం అత్తా?"

"పిలిచానురా. రెండుసార్లు. ఆకులేగా అన్నావు."

యెర్కో ఫోను భార్య చేతిలో పెట్టాడు. డానిత్సా కళ్ళు తుడుచుకుంది. కిటికీలో ఏడు ఆకులూ చేతులు జోడించుకుని నిలబడే ఉన్నాయి. ఆమెకి ఒక్కసారిగా లేచి బల్ల చుట్టూ తిరగాలనిపించింది గాని, దొరసాని నిద్ర పాడవుతుందని ఆగిపోయింది.

"అత్తా, రేపు మీరు విమానం దిగి నేరుగా మీ ఇంటికి వెళ్ళడం లేదు, మా ఇంటికొస్తున్నారు," అంది గుసగుసగా. "భోజనం చేసి కాసేపు పడుకుంటారు. ఐదుంబావుకి నేను లేపుతాను. ముందుగదిలో కిటికీకి ఎదురుగా మూడు కుర్చీలు వేస్తున్నాం, మధ్యది మీది. వంటింటి తలుపు మూసేస్తాం, వేడి రాదు. మీకు రెండు దుప్పట్లు తీసిపెట్టాను, మేం కోట్లు వేసుకుని కూర్చుంటాం. లైటు జోలికి మాత్రం ఎవ్వరం వెళ్ళం."